మైక్రోకంట్రోలర్ తనను తానే రీసెట్ చేసుకోవాలంటే: ఏ దారి ఎవరికి?

మామయ్య పొలంలో బోరు మోటారుకి నేను ఒక డబ్బా కట్టి ఇచ్చాను. లోపల ఏట్‌మెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిప్) ఉన్న చిన్న బోర్డు, సిమ్‌తో ఫోన్ కాల్స్ అందుకునే ఒక జీఎస్‌ఎం మాడ్యూల్, స్విచ్‌ల్లా పనిచేసే రెండు రిలేలు. ఫోన్ చేస్తే మోటారు ఆన్, మళ్లీ చేస్తే ఆఫ్. నాలుగు రోజులు చక్కగా నడిచి, ఐదో రోజు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. మామయ్య బండేసుకుని పొలానికి వెళ్లి, బాక్సు తలుపు తీసి, అడాప్టర్ ప్లగ్ పీకి మళ్లీ పెట్టాడు. వెంటనే పనిచేసింది. సాయంత్రం ఫోన్ చేసి, "పీకి పెడితే బాగయ్యే దానికి, ఆ పనేదో అదే చేసుకోలేదా అల్లుడూ?" అన్నాడు.

ప్రశ్న చిన్నదే. జవాబులు మాత్రం అరడజను ఉన్నాయి. చిక్కేమిటంటే, అన్నింటినీ మనం "సాఫ్ట్‌వేర్ రీసెట్" అనే ఒకే పేరుతో పిలుస్తాం. ఒకటి నిజంగా చిప్ అంతటినీ కడిగేస్తుంది, ఇంకొకటి పైపైన తుడుస్తుంది, మరొకటి అసలు అవసరమైనప్పుడు పనే చేయదు. ఏది ఎంచుకోవాలో తెలియక తికమకపడేవాళ్ల కోసం నాకు తెలిసినంతా ఇక్కడ పెడుతున్నాను.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

రీసెట్ తర్వాత పాతది ఏం మిగులుతుంది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన బోర్డులో నాలుగు పొరలున్నాయి: ఒకటి, ప్రాసెసర్ కోర్; రెండు, చిప్ లోపలి పెరిఫెరల్స్, అంటే టైమర్లు, యూఆర్ట్ (సీరియల్‌గా డేటా పంపే భాగం) లాంటివి; మూడు, బయటికి వచ్చే పిన్నులు; నాలుగు, ఆ పిన్నులకు తగిలించిన మాడ్యూళ్లు. ప్లగ్ పీకితే నాలుగూ కొత్తగా మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్‌తో చేసే ఏ రీసెట్‌కీ నాలుగో పొర దానంతట అది అందదు.

ఎవరు అడుగుతున్నారు? ప్రోగ్రాం బాగానే నడుస్తూ, సెట్టింగులు మారాయి కాబట్టి మళ్లీ మొదలవుదాం అనుకోవడం ఒకటి. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోయి, రీసెట్ ఫంక్షన్‌ని పిలిచే స్థితిలోనే లేకపోవడం ఇంకొకటి. రెండో దానికి మీ కోడ్‌లో ఎన్ని రీసెట్ లైన్లున్నా లాభం లేదు.

ఎందుకు రీసెట్ అయిందో తర్వాత తెలుస్తుందా? తెలియకపోతే, రోజుకి ఇరవైసార్లు పడి లేస్తున్న బోర్డు కూడా బాగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

ఆ క్షణంలో పిన్నులు ఏమవుతాయి? ఎల్‌ఈడీ అయితే పర్లేదు. అవతల ఏడున్నర హార్స్‌పవర్ మోటారు ఉంటే పర్లేదు అనలేం.

## అడ్రస్ సున్నాకి దూకడం

ఆర్డుయినో మైక్రోకంట్రోలర్ బోర్డులతో నేర్చుకునేవాళ్లకి మొదట తగిలేది ఇదే. ప్రోగ్రాం మొదలయ్యే సున్నా అడ్రస్‌ని చూపించే ఫంక్షన్ పాయింటర్ ఒకటి పెట్టుకుని దాన్ని కాల్ చేయడం. ఇదే చిప్ ఉన్న ఊనో బోర్డులో పెట్టి చూస్తే సెటప్ (మొదట ఒకసారి నడిచే ఫంక్షన్) మళ్లీ మొదట్నుంచి నడుస్తుంది, సీరియల్ మానిటర్‌లో మొదటి లైను మళ్లీ పడుతుంది. పని అయిపోయింది అనిపిస్తుంది. నేనూ మొదట ఇదే పెట్టాను.

నిజానికి అక్కడ చిప్ రీసెట్ కాలేదు. ప్రోగ్రాం తన మొదటి లైనుకి తిరిగొచ్చింది, అంతే. స్టార్టప్ కోడ్ స్టాక్‌ని సరిచేస్తుంది, గ్లోబల్ వేరియబుల్స్‌కి మొదటి విలువలు వేస్తుంది. టైమర్లు, యూఆర్ట్, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం), పిన్నుల రిజిస్టర్లు (సెట్టింగులు నిలిచే చోట్లు) మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. పాత ప్రోగ్రాం టైమర్1 ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి మధ్యలో దూరే పిలుపు) ఆన్ చేసి ఉంటే అది ఇంకా ఆన్‌లోనే ఉంటుంది. ఆర్డుయినోలో సెటప్ మొదలవకముందే ఇంటరప్టులు తెరుచుకుంటాయి. దాంతో మీ సెటప్‌లో ఒక్క లైను కూడా నడవకముందే ఆ ఇంటరప్ట్ వచ్చి, ఇంకా సిద్ధం కాని వేరియబుల్స్‌తో పని మొదలుపెడుతుంది. చాలాసార్లు ఏమీ కాదు. అయిన రోజు ఆ బగ్‌ని పట్టుకోవడం నరకం.

ఇదే లైనుని ఎస్‌టీఎం32 లాంటి కార్టెక్స్-ఎం చిప్‌లోకి కాపీ చేస్తే ఇంకా ఘోరం. అక్కడ సున్నా అడ్రస్‌లో ఉండేది కోడ్ కాదు, స్టాక్ పాయింటర్ మొదటి విలువ. దూకగానే హార్డ్‌ఫాల్ట్‌లో, అంటే ప్రాసెసర్ ముందుకు కదల్లేని తప్పు స్థితిలో పడుతుంది. రీసెట్ వెక్టర్‌ని (ప్రోగ్రాం అసలు మొదలయ్యే అడ్రస్‌ని) సరిగ్గా చదివి దూకినా, ఇంటరప్ట్ లోపలి నుంచి దూకితే ప్రాసెసర్ ఇంకా ఆ ఇంటరప్ట్‌లోనే ఉన్నాననుకుంటుంది. అంతకంటే తక్కువ ప్రాధాన్యం ఉన్న ఇంటరప్టులు ఇక రావు. కాలేజీ ల్యాబుల్లో మనం చదువుకున్న 8051లోనూ ఇదే తంటా. ఇంటరప్ట్ నుంచి బయటికొచ్చే ఆర్‌ఈటీఐ ఇన్‌స్ట్రక్షన్ నడవకుండా సున్నాకి దూకితే, ఆ స్థాయి ఇంటరప్టులు మూసుకుపోతాయి.

మరి దీనికి చోటే లేదా అంటే, ఉంది. బూట్‌లోడర్ (చిప్ మొదలవగానే ముందు నడిచి, కొత్త ప్రోగ్రాంని ఎక్కించే చిన్న కోడ్) తన పని ముగించుకుని అసలు ప్రోగ్రాంకి పగ్గాలు ఇచ్చేటప్పుడు చేసేది ఇలాంటి దూకుడే. కానీ అది తాను తెరిచినవన్నీ మూసేసి మరీ దూకాలి. మామూలు రీసెట్ కోసం మాత్రం దీన్ని వాడకండి.

## వాచ్‌డాగ్

వాచ్‌డాగ్ అంటే చిప్‌లో ఉండే కాపలా టైమర్. మనం మధ్యమధ్యలో పలకరిస్తూ ఉండాలి, పలకరించడం ఆగితే చిప్‌ని రీసెట్ చేసేస్తుంది. ఏట్‌మెగా328పీలో దీనికి 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ విడిగా ఉంది, గడువు 16 మిల్లీసెకన్ల నుంచి 8 సెకన్ల వరకు పెట్టుకోవచ్చు. మెయిన్ క్లాక్ ఆగిపోయినా ఇది నడుస్తూనే ఉంటుంది. పైన చెప్పిన రెండో ప్రశ్నకి చిప్ లోపల దొరికే నిజమైన జవాబు ఇదొక్కటే: ఇరుక్కుపోయిన ప్రోగ్రాంని కూడా లేపుతుంది.

దీన్ని కావాలని రీసెట్ చేసుకోవడానికీ వాడొచ్చు. అతి తక్కువ గడువుతో వాచ్‌డాగ్ ఆన్ చేసి, ఖాళీ లూప్‌లో కూర్చోవడమే. ఏట్‌మెగా328పీలో విడిగా రీసెట్ కమాండ్ లేదు కాబట్టి, ఆ చిప్‌లో సరైన పద్ధతి ఇదే. కోర్, పెరిఫెరల్స్, పిన్నులు మూడూ మొదటి స్థితికి వస్తాయి.

అయితే ఇందులో ఒక గుంట ఉంది, దాంట్లో పడనివాళ్లు తక్కువ. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత కూడా ఆ వాచ్‌డాగ్ ఆన్‌లోనే ఉంటుంది, అదీ 16 మిల్లీసెకన్ల గడువుతో. సెటప్‌లో ఒక చిన్న డిలే ఉన్నా చాలు, అది పూర్తయ్యేలోపు మళ్లీ రీసెట్, మళ్లీ రీసెట్. పాత బూట్‌లోడర్లున్న కొన్ని నానో, మెగా బోర్డుల్లో బూట్‌లోడరే ఈ సుడిలో చిక్కుకుంటుంది. 13వ పిన్ను ఎల్‌ఈడీ టకటకా మెరుస్తూ ఉంటుంది, బోర్డు పోయిందేమో అని టెన్షన్ పడతాం. ప్లగ్ పీకి పెడితే మామూలవుతుంది. శాశ్వత పరిష్కారం: ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ ఎక్కించుకోవడం. బూట్‌లోడర్ లేకుండా వాడితే, ప్రోగ్రాం మొదట్లోనే, రీసెట్ కారణం ఉండే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్‌ని చదివి దాచుకుని, అందులో వాచ్‌డాగ్ జెండాని (ఫ్లాగ్ బిట్‌ని) చెరిపి, ఆ తర్వాతే వాచ్‌డాగ్‌ని ఆపాలి. ఈ వరస తప్పితే అది ఆగదు, ఎందుకంటే ఆ జెండా ఉన్నంతసేపూ వాచ్‌డాగ్ బలవంతంగా ఆన్‌లోనే ఉంటుంది.

ఇంకో తప్పు మరీ ఎక్కువగా చూస్తుంటాను: టైమర్ ఇంటరప్ట్‌లో కూర్చుని వాచ్‌డాగ్‌ని పలకరించడం. మెయిన్ లూప్ చచ్చిపోయినా టైమర్ ఇంటరప్ట్ బతికే ఉంటుంది, పలకరిస్తూనే ఉంటుంది. కాపలా ఉన్నట్టే ఉంటుంది, కాపలా కాయదు. పలకరింపు మెయిన్ లూప్‌లో ఒకేచోట ఉండాలి. అదీ, ముఖ్యమైన పనులన్నీ ఈ చుట్టులో నిజంగా జరిగాయని చూసుకున్నాకే.

మిగతా చిప్‌లలో ఒక్కోదానికి ఒక్కో స్వభావం. ఎస్‌టీఎం32లోని ఇండిపెండెంట్ వాచ్‌డాగ్‌ని ఒకసారి మొదలుపెడితే ప్రోగ్రాం నుంచి ఆపలేం, రీసెట్ అయితేనే ఆగుతుంది. ఆర్‌పీ2040లో గరిష్ఠ గడువు దాదాపు 8.3 సెకన్లు. వైఫై చిప్ ఈఎస్‌పీ32ని ఐడీఎఫ్‌తో (తయారీదారు ఇచ్చే డెవలప్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో) వాడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి: టాస్క్ వాచ్‌డాగ్ డిఫాల్ట్‌గా హెచ్చరిక ప్రింట్ చేసి ఊరుకుంటుంది. కాన్ఫిగరేషన్‌లో పానిక్ ఆప్షన్ పెడితేనే రీసెట్ చేస్తుంది.

## చిప్ ఇచ్చే సిస్టమ్ రీసెట్

మీ చిప్‌లో ఇది ఉంటే, ప్రోగ్రాం ఆరోగ్యంగా ఉన్నప్పుడు వేరే దారి వెతకనక్కర్లేదు. కార్టెక్స్-ఎం చిప్‌లలో దీని పేరు ఎన్‌వీఐసీ సిస్టమ్‌రీసెట్. ఏఐఆర్‌సీఆర్ అనే రిజిస్టర్‌లో 5ఎఫ్ఏ అనే తాళంచెవితో కలిపి ఒక బిట్ రాస్తుంది. తాళంచెవి తప్పయితే చిప్ పట్టించుకోదు. దారి తప్పిన పాయింటర్ ఏదో రాసేసి పొరపాటున రీసెట్ కాకుండా ఆ జాగ్రత్త. కార్టెక్స్-ఎం3, ఎం4లలో పక్కనే కోర్‌ని మాత్రమే రీసెట్ చేసే ఇంకో బిట్ కూడా ఉంది. అది డీబగ్గర్ల కోసం, మన కోసం కాదు.

ఎస్‌టీఎం32లో ఇంకో మంచి సంగతి: రీసెట్ అయ్యాక ఆర్‌సీసీ రిజిస్టర్ చూస్తే కారణం తెలుస్తుంది, సాఫ్ట్‌వేరా, వాచ్‌డాగా, కరెంటు పోయిందా అని. ఎఫ్1, ఎఫ్4 లాంటి సిరీస్‌లలో లోపలి రీసెట్ జరిగినప్పుడు చిప్ తన ఎన్‌ఆర్‌ఎస్‌టీ అనే రీసెట్ పిన్నుని కూడా కిందికి లాగుతుంది. కాబట్టి పిన్ను రీసెట్ జెండా ప్రతిసారీ కనిపిస్తుంది, దాన్ని చివర చూడండి. అదే కారణంగా ఎన్‌ఆర్‌ఎస్‌టీని నేరుగా 3.3 వోల్ట్‌కి కట్టేయకండి.

కొత్త ఏవీఆర్‌లలోనూ, అంటే ఏట్‌మెగా4809, కొత్త ఏట్‌టైనీలలో, సాఫ్ట్‌వేర్ రీసెట్ రిజిస్టర్ వచ్చేసింది. వాటిలో వాచ్‌డాగ్ చిట్కా అక్కర్లేదు. పిక్18లో రీసెట్ అనే ఇన్‌స్ట్రక్షనే ఉంది. ఎంఎస్‌పీ430లో వాచ్‌డాగ్ రిజిస్టర్‌కి తప్పు పాస్‌వర్డ్ రాస్తే రీసెట్ అవుతుంది. వింతగా ఉన్నా పద్ధతి ప్రకారం పనిచేసేదే.

ఈఎస్‌పీ32లో రీస్టార్ట్ ఫంక్షన్ పేరు చూసి మోసపోవద్దు. వైఫై, బ్లూటూత్, యూఆర్ట్0, ఎస్‌పీఐ1, పాత తరహా టైమర్లు తప్ప మిగతా పెరిఫెరల్స్‌ని అది రీసెట్ చేయదని తయారీదారు డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అంతకంటే లోతుగా కడగాలంటే ఒక సెకను డీప్ స్లీప్‌కి పంపి టైమర్‌తో లేపండి. ఆ సమయంలో డిజిటల్ భాగానికి కరెంటే ఉండదు, లేవగానే బూట్ నుంచి మొదలవుతుంది. ఈఎస్‌పీ8266 వాడేవాళ్లకి ఒక్క మాట: సీరియల్‌లో ప్రోగ్రాం ఎక్కించాక ఒకసారి చేత్తో రీసెట్ బటన్ నొక్కండి. నొక్కకపోతే మొదటిసారి సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్ చేసినప్పుడు హ్యాంగ్ అవుతుంది. ఓవర్ ది ఎయిర్ (వైరు లేకుండా చేసే) అప్‌డేట్ పరీక్షిస్తూ దీనివల్ల రాత్రంతా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

## పిన్ను నుంచి రీసెట్‌కి వైరు

ఒక డిజిటల్ పిన్నుని రీసెట్ పిన్నుకి కలిపి, కావాలన్నప్పుడు లో (సున్నా వోల్టు) చేయడం. చూడటానికి తెలివిగా ఉంటుంది. కానీ రీసెట్ మొదలవగానే ఆ పిన్ను ఇన్‌పుట్‌గా మారి, తను పట్టుకున్న తాడు తనే వదిలేస్తుంది. ఏట్‌మెగా328పీకి కనీసం 2.5 మైక్రోసెకన్ల పల్స్ కావాలి, అంతసేపు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ప్రోగ్రాం హ్యాంగ్ అయితే ఎలాగూ పనిచేయదు. వదిలేయండి.

## బయటి కాపలా, కరెంటు తీయడం

మామయ్య డబ్బాకి తిరిగొద్దాం. వాచ్‌డాగ్ పెట్టాక కూడా అది మళ్లీ మూగబోయింది. బోర్డు శుభ్రంగా రీసెట్ అవుతోంది, కానీ ఇరుక్కున్నది బోర్డు కాదు, జీఎస్‌ఎం మాడ్యూల్. దానికి విడిగా కరెంటు వస్తోంది, విడిగా ప్రాసెసర్ ఉంది. మన చిప్ వందసార్లు పుట్టినా దానికి తెలియదు.

ఐ2సీ (క్లాక్, డేటా అనే రెండు వైర్ల బస్) మీద నడిచే సెన్సార్లదీ ఇదే కథ. సెన్సార్ జవాబు చెబుతుండగా మధ్యలో మన చిప్ రీసెట్ అయితే, అది డేటా లైనుని కింద పట్టుకుని మిగతా క్లాకుల కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. బస్ మొత్తం ఆగిపోతుంది. సెటప్‌లో ఐ2సీ మొదలుపెట్టేముందు క్లాక్ లైను మీద తొమ్మిది పల్సులు ఇస్తే వదిలేస్తుంది. ఖర్చు లేని మందు.

జీఎస్‌ఎం మాడ్యూల్‌కి మాత్రం కరెంటు తీయాల్సిందే. పీ-చానెల్ మాస్ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్‌తో) దాని సప్లై లైనుని మన చిప్ అదుపులో పెట్టాను. సిమ్800 లాంటి మాడ్యూళ్లు క్షణంపాటు 2 ఆంపియర్ల వరకు లాగుతాయి, మాస్ఫెట్ దాన్ని తట్టుకునేదిగా ఉండాలి. మొదటిసారి మాస్ఫెట్ ఆఫ్ చేసినా మాడ్యూల్ సరిగ్గా ఆగలేదు. మీటర్ పెట్టి చూస్తే సప్లై పిన్ను మీద ఇంకా వోల్టేజీ ఉంది. మన చిప్‌లో డేటా పంపే టీఎక్స్ పిన్ను హైలో ఉండటం వల్ల, ఆ సిగ్నల్ వైరు గుండానే మాడ్యూల్‌లోకి కరెంటు పాకుతోంది. టీఎక్స్‌ని ముందు లో చేసి, తర్వాత సప్లై తీసి, ఐదు సెకన్లు ఆగి మళ్లీ ఇచ్చాక సరిపోయింది.

మన చిప్‌నే నమ్మలేని చోట్ల బయట విడిగా వాచ్‌డాగ్ ఐసీ పెడతారు. టీపీఎల్5010 అలాంటిదే. ఒక రెసిస్టర్‌తో 100 మిల్లీసెకన్ల నుంచి 7200 సెకన్ల వరకు గడువు పెట్టుకోవచ్చు, అది వాడుకునే కరెంటు 35 నానోఆంపియర్ల దగ్గర ఉంటుంది. బ్యాటరీ మీద నెలల తరబడి నడిచే సెన్సార్లకి బాగా నప్పుతుంది.

## ఒకచోట చూస్తే

| పద్ధతి | లోపలి పెరిఫెరల్స్ | ప్రోగ్రాం హ్యాంగ్ అయితే | కారణం తెలుస్తుందా | నా మాట |
|---|---|---|---|---|
| సున్నాకి దూకడం | పాత స్థితిలోనే | పనిచేయదు | తెలియదు | బూట్‌లోడర్ రాసేవాళ్లకే |
| వాచ్‌డాగ్ | రీసెట్ అవుతాయి | పనిచేస్తుంది | జెండా ఉంటుంది | ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి |
| సిస్టమ్ రీసెట్ | చాలా చిప్‌లలో రీసెట్. ఈఎస్‌పీ32లో కొన్నే | పనిచేయదు | జెండా ఉంటుంది | కావాలని చేసే రీసెట్‌కి ఇదే |
| పిన్ను వైరు | అయితే అవుతాయి | పనిచేయదు | బయటి రీసెట్‌గా కనిపిస్తుంది | వద్దు |
| బయటి వాచ్‌డాగ్ ఐసీ | రీసెట్ అవుతాయి | పనిచేస్తుంది | బయటి రీసెట్‌గా కనిపిస్తుంది | దూరాన ఉండే పెట్టెలకి |
| మాడ్యూల్‌కి కరెంటు తీయడం | సంబంధం లేదు | పనిచేయదు | మనమే రాసుకోవాలి | వాచ్‌డాగ్‌కి తోడుగా |

## ఎవరికి ఏది

కాలేజీ ప్రాజెక్టు, ఊనో బోర్డు, "రీసెట్" అనే మెనూ ఆప్షన్ కావాలి అంటే వాచ్‌డాగ్ ఖాళీ లూప్ చాలు. ఊనోలో ఆప్టిబూట్ ఉంటుంది కాబట్టి సుడిలో పడే భయం లేదు. ఒక్క తిరకాసు: ఆప్టిబూట్ ఎంసీయూఎస్ఆర్‌ని ముందే చెరిపేస్తుంది. కారణం తెలియాలంటే కొత్త వెర్షన్లు ఆర్2 రిజిస్టర్‌లో దాచి ఇచ్చే విలువని చదవాలి.

ఎస్‌టీఎం32తో వస్తువు తయారుచేసి అమ్మేవాళ్లు రెండూ పెట్టుకోవాలి. సెట్టింగులు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం సిస్టమ్ రీసెట్, హ్యాంగ్ కోసం ఇండిపెండెంట్ వాచ్‌డాగ్. ఇది ఇదో అదో అని ఎంచుకునే విషయం కాదు. స్టాండ్‌బై లాంటి నిద్ర వాడుతుంటే మాత్రం, నిద్రలోనూ వాచ్‌డాగ్ లెక్కపెడుతూనే ఉంటుందేమో డేటాషీట్‌లో చూసుకోండి.

రోజుకి ఒకసారి రీసెట్ చేస్తే గొడవే ఉండదు కదా అనేవాళ్లకి నాదొక విన్నపం. ఎందుకు చేయాలనుకుంటున్నారో ముందు చూడండి. 49.7 రోజులకి మిల్లిస్ (ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్) లెక్క సున్నాకి తిరుగుతుందన్న భయంతో అయితే అవసరం లేదు. ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసేసి పోల్చే పద్ధతిలో కోడ్ రాస్తే అది తిరిగినా ఏమీ కాదు. 2 కేబీ ర్యామ్‌లో స్ట్రింగ్ ఆబ్జెక్టులు తెగ వాడి మెమరీ చిల్లరచిల్లర అవుతోందంటే, రీసెట్ కంటే క్యారెక్టర్ అరేలకి మారడం మేలు.

రీసెట్ లెక్క ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) రాసుకునేవాళ్లు ఒక్క లెక్క వేసుకోండి. ఏట్‌మెగా328పీ ఈఈప్రామ్‌కి లక్ష రాతల ఆయుష్షు. బోర్డు సుడిలో పడి సెకనుకి ఒకసారి రీసెట్ అవుతూ ప్రతిసారీ ఒకేచోట రాస్తే, 28 గంటల్లో ఆ లక్ష అయిపోతాయి. లెక్కని ర్యామ్‌లోనే, స్టార్టప్ కోడ్ తుడవని నోఇనిట్ విభాగంలో పెట్టుకోండి. కరెంటు పోనంతవరకు అది వాచ్‌డాగ్ రీసెట్‌ని తట్టుకుంటుంది. పక్కన ఒక గుర్తు సంఖ్య పెడితే, ఆ విలువ నిజమైనదో చెత్తో తెలుస్తుంది.

ఇక మోటార్లు, హీటర్లు లాంటివి తిప్పేవాళ్లు పద్ధతి ఎంచుకునేముందు వైరింగ్ చూసుకోవాలి. మొదట్లో నా రిలే నేరుగా కాంటాక్టర్‌ని (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్‌ని) పట్టుకుని ఉండేది. నడుస్తుండగా బోర్డు రీసెట్ అయితే పిన్ను వదిలేసేది, కాంటాక్టర్ ధడ్ మని పడేది, రెండు సెకన్లకి మళ్లీ ఎక్కేది. పైపులో నీళ్లు వెనక్కి జారుతుండగా పంపు మళ్లీ మొదలవడం పంపుకి మంచిది కాదు. ఇప్పుడు ఒక రిలే స్టార్టర్ పచ్చ బటన్‌కి సమాంతరంగా అర సెకను మూసుకుంటుంది, రెండోది ఎర్ర బటన్‌కి వరసలో అర సెకను తెరుచుకుంటుంది. మోటారుని పట్టుకుని ఉండేది స్టార్టరే. బోర్డు రీసెట్ అయినా మోటారు తన మానాన తాను నడుస్తుంది. లో ఇస్తే ఆన్ అయ్యే రిలే బోర్డులకి ఇంకో జాగ్రత్త: సెటప్‌లో ముందు పిన్నుకి హై రాసి, ఆ తర్వాతే దాన్ని అవుట్‌పుట్ చేయండి. వరస మారితే ప్రతి రీసెట్‌కీ రిలే ఒకసారి టిక్ మంటుంది. మోటారు ఆన్ చేయడానికి ఆ ఒక్క టిక్ చాలు.

ఇప్పుడు ఆ డబ్బాలో 8 సెకన్ల వాచ్‌డాగ్ ఉంది, మాడ్యూల్ వరసగా మూడుసార్లు జవాబివ్వకపోతే దాని కరెంటు తీసే మాస్ఫెట్ ఉంది. రీసెట్ అయిన ప్రతిసారీ కారణం మామయ్య ఫోన్‌కి మెసేజ్‌గా వెళ్తుంది. పోయిన నెలలో రెండు వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట: కరెంటు.